భయం తగ్గని మనిషికి ఇల్లు సర్దిపెట్టడం: ముగ్గుపిండి గీత నుంచి తొలి గాలివాన దాకా

"ఫైలిన్ తుఫాను పోయి ఇన్నేళ్ళయినా గాలి కాస్త గట్టిగా వీస్తే మా అమ్మ మంచం మీద పడుకోదు. ఇంటికి ఏమైనా చెయ్యొచ్చా?" ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ వైపు మత్స్యకార పల్లెల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సూరత్ మగ్గాల నుంచి తిరిగొచ్చిన తమ్ముడు కుక్కర్ విజిలుకు ఉలిక్కిపడుతున్నాడని ఒకరు అడిగారు. అత్తింట్లో గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసిన కూతురు స్నానాలగది తలుపు మూయడం లేదని ఇంకొకరు.

నేను బరంపురంలో ఇళ్ళ ప్లాన్లు గీసి, పని చేయించే మనిషిని. డాక్టర్ని కాను. పీడకలలు, నిద్రలేమి, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే ముందు వైద్యుడికి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, డబ్బులు పడవు. ఆ వైద్యం నడుస్తుండగా ఇల్లు పగ తీర్చుకోకుండా చూడటమే మన పని.

కింద చెప్పేవన్నీ రెండు మాటల చుట్టూ తిరుగుతాయి. తలుపు ఆ మనిషి చేతిలో ఉండాలి. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో ఆ మనిషికి తెలియాలి. రంగులు, బొమ్మలు, పూలకుండీలు ఆ తర్వాతే.

## 1. టేపు తీయకముందు: ఏం అడగాలి, ఏం అడగకూడదు

"ఆ రోజు ఏం జరిగింది?" అని అడగకండి. అది మీకు అక్కర్లేదు. ఇల్లు కట్టడానికి కావలసింది ఇవాళ్టి సంగతి.

అడగాల్సినవి:

• రోజులో ఏ వేళ కష్టంగా ఉంటుంది?
• ఇంట్లో ఎక్కడ కూర్చుంటే కుదురుగా ఉంటుంది? ఎక్కడికి వెళ్ళబుద్ధి కాదు?
• రాత్రి ఎటు తల పెట్టి పడుకుంటారు? లేచి ఎటు వెళ్తారు?
• ఏ చప్పుడుకు గుండె దడ వస్తుంది? ఏ వాసనకు?
• తలుపు మూసి ఉంటే ఊపిరాడదా, తెరిచి ఉంటే భయమా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. గదిలో బందీగా ఉన్న మనిషికీ, దాడికి గురైన మనిషికీ జవాబు పూర్తిగా తిరగబడుతుంది. ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరదు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో మాట తెలుగు, ఇంజనీరు మాట ఒడియా, మేస్త్రి మాట ఒక్కోసారి హిందీ. మధ్యలో అల్లుడో బావమరిదో తర్జుమా చేస్తూ తన అభిప్రాయం కలిపేస్తాడు. ఆ మనిషితో ఆమె భాషలో నేరుగా మాట్లాడండి. ఆడమనిషి అయితే ఆమె కోరుకున్న ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలి. ఒక్కరోజులో జవాబులన్నీ రావు, రెండుసార్లు వెళ్ళండి.

## 2. ఒక రాత్రి ఇంట్లో కూర్చోండి

పగలు పది గంటలకు చూసిన ఇల్లు వేరు, రాత్రి రెండింటికి ఉండే ఇల్లు వేరు. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చీకటి పడ్డాక ఒక గంటైనా లైట్లు ఆపి కూర్చోండి. కాగితం మీద మూడు గడులు గీయండి: చప్పుడు, అది ఎక్కడి నుంచి, ఎప్పుడు.

నా కాగితంలో ఎప్పుడూ పడేవి ఇవి: నీళ్ళ మోటారు ఆన్ అయ్యే దెబ్బ, ఫ్రిజ్ ఆగినప్పుడు వచ్చే కుదుపు, కిటికీ రెక్క గోడకు కొట్టుకోవడం, రేకు మీద కొబ్బరి మట్ట రాసుకోవడం, ఇన్వర్టర్ మారేటప్పుడు చిన్న చీకటి.

అప్పుడే ఇంకొకటి గమనించండి. గంజాం తీరంలో ఒక పెద్దావిడ తలుపు పక్కన మేకుకు ప్లాస్టిక్ సంచి వేలాడదీసుకుంది. అందులో ఆధార్, బ్యాంకు పుస్తకం, టార్చి, పెళ్ళినాటి ఫోటో. చెప్పులు తలగడ దగ్గరే. కొడుకు దాన్ని బీరువాలో పెట్టిస్తానన్నాడు, ఇల్లు "నీటుగా" ఉంటుందని. వద్దన్నాను. ఆ సంచి ఆమెకు నిద్రమాత్ర లాంటిది. మేకు తీసి అక్కడే, ఆమె చేయి అందే ఎత్తులో తడి తగలని చిన్న గూడు కట్టించాం. చెప్పులకు మంచం పక్కన ఒక పలక. ఇంట్లో ఇలాంటి ఏర్పాట్లు ఏమున్నాయో వెతకండి. వాటిని తీసేయకుండా, కాస్త బాగుచేసి అక్కడే ఉంచండి.

## 3. ప్లాను కాగితం మీద కాదు, వాకిట్లో

ప్లాను కాగితం చూపించి "బాగుందా?" అంటే అందరూ తల ఊపుతారు. అర్థమైనందుకు కాదు, మీకు మర్యాద ఇచ్చి.

వాకిట్లోనో ఇసుక మీదో ముగ్గుపిండితో గది అసలు కొలతకు గీయండి. తలుపు దగ్గర గీత వదిలేయండి. మంచం చోట చాప వేయండి. ఆ మనిషిని చాప మీద పడుకుని చూడమనండి: తలుపు కనిపిస్తోందా? లేచి బయటికి రావడానికి ఎన్ని అడుగులు? మధ్యలో ఏం అడ్డం వస్తుంది?

"తలుపు కనిపిస్తే సాలు బాబూ, మిగతాది నీ ఇష్టం" అంది ఒకామె ఆ చాప మీద పడుకుని. గీత చెరిపి మంచాన్ని అవతలి గోడకు మార్చాం. ఖర్చు గుప్పెడు ముగ్గుపిండి.

ఇక్కడ సరిచూసుకోండి:

• మంచం మీద నుంచి తలుపు కనిపించాలి, కానీ మంచం తలుపుకు ఎదురుగా ఉండకూడదు.
• కూర్చునే చోట వీపు వెనక గోడ ఉండాలి, దారి ఉండకూడదు.
• వంటింటికి, పడకకు మధ్య కనీసం ఒక గోడ ఉండాలి. కుక్కర్ విజిలు సంగతి మరవకండి.
• పర్లాకిమిడి, మహేంద్రగిరి వైపు కొండవాలు ఊళ్ళలో మంచం కొండవైపు గోడకు వేయకండి. 2018 తిత్లీ తుఫాను వానకు కొండచరియలు విరిగిపడిన చోట్ల ఆ గోడ వెనక నీటి చప్పుడు వింటే చాలు, ఇక నిద్ర పట్టదు. వాననీరు ఎటు పోతోందో కిటికీలోంచి కనిపించేలా కాలువ తవ్వించండి.

## 4. తలుపులు, గడియలు

డబ్బు తక్కువుంటే ఈ ఒక్క అధ్యాయం చేసి ఆపేయండి.

బయటి గొళ్ళెం. మన ఇళ్ళలో పడకగది తలుపుకు బయట కూడా అల్‌డ్రాప్ బిగించడం అలవాటు. బందీగా ఉన్న మనిషి ఆ తలుపు దాటిన ప్రతిసారీ దాన్నే చూస్తుంది. విప్పేయండి. స్క్రూల రంధ్రాలు పుట్టీతో పూడ్చి రంగు వేయండి, గుర్తు కూడా మిగలకూడదు.

లోపలి గడియ. తేలిగ్గా జరిగేది, చేయి అందే ఎత్తులో, ఒకటే. మూడు గడియలు బిగించమని అడిగేవాళ్ళు ఉంటారు. అడిగితే బిగించండి, వాదించకండి. కానీ కంగారులో, చీకట్లో మూడూ తీయగలరో లేదో వాళ్ళతోనే కళ్ళు మూయించి తీయించి చూడండి. చాలామంది తామే ఒకటి తగ్గించుకుంటారు.

రెండో దారి. బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు గది వెనక గదిగా రైలు పెట్టెల్లా ఉంటాయి. రెండువైపులా ఉమ్మడి గోడలే. నడిమి గదిలో పడుకున్న మనిషికి వీధి తలుపు దూరం, పెరటి తలుపు దూరం. అక్కడ కొత్త తలుపు కొట్టలేం. పెరటిదాకా దారిలో బియ్యం డ్రమ్ములు, కుట్టుమిషను, సైకిలు లేకుండా మూడడుగుల వెడల్పు ఖాళీ ఉంచడమే రెండో దారి. సొంత కిటికీ ఉన్న గది అయితే ఒక గ్రిల్లును బందుల మీద తెరుచుకునేలా మార్పించండి. తాళంచెవి కిటికీ పక్కనే, బయటి చేయికి అందనంత దూరంలో ఉండాలి.

ఎవరొచ్చారో తెలియడం. తలుపు తీయకుండా మనిషి కనిపించాలి. మూతున్న చూపురంధ్రం చాలు, దాన్ని ఆ మనిషి కంటి ఎత్తుకు బిగించండి. కొడుకు ఎత్తుకు బిగించి పోయిన వడ్రంగిని చూశాను. అరిచే కాలింగ్ బెల్లు తీసి మెల్లగా మోగేది పెట్టండి. ఇంటివాళ్ళు తట్టే పద్ధతి ఒకటి అనుకుంటే ఇంకా మంచిది.

తలుపు కొట్టుకోవడం. ప్రతి తలుపుకూ అయస్కాంతం స్టాపరు, చట్రానికి రబ్బరు పట్టీ. ఒక్క సాయంత్రం పని, తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఆ మనిషి తనకు తాను హాని చేసుకుంటుందేమో అన్న అనుమానం ఇంట్లో ఉంటే గడియల సంగతి మీరు ఒంటరిగా తేల్చకండి. చూసే డాక్టరుతో మాట్లాడి, ఆ మనిషికి చెప్పే చేయండి. పురుగుమందు డబ్బాలు ఉంటే ఇంట్లోంచి ఇవాళే తీయించండి.

## 5. చప్పుడు: కప్పుతో మొదలు

గాలికి భయపడే ఇంట్లో కప్పు బిగువు చేయకుండా లోపల ఎంత సర్దినా దండగ. మన తీరంలో ఇళ్ళు తట్టుకోవాల్సిన గాలివేగం లెక్క సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఫైలిన్ నాడు గోపాల్‌పూర్‌లో అంతకన్నా ఎక్కువే వీచింది. ఆ గాలికి నిలవాలంటే చూరు, కొప్పు అంచుల వెంట బోల్టులు మధ్యలో కన్నా దగ్గరదగ్గరగా ఉండాలి. రేకుల్ని పట్టి ఉంచే జె-హుక్కులు ఉప్పుగాలికి తుప్పుపడితే మార్చాలి, కింద వాషరు కొత్తది వేయాలి. చూరు గోడ దాటి ఒకటిన్నర అడుగుకు మించకూడదు. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకండి. వసారా ఎగిరిపోయినా ఇల్లు మిగలాలి.

తర్వాత లోపలి సీలింగు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

రేకుల ఇంటికి చవగ్గా పీవీసీ సీలింగు వేయించాను. చూడ్డానికి బాగుంది. మొదటి ఈదురుగాలికి చూరు సందులోంచి గాలి దూరి పలకలు రాత్రంతా టపటపలాడాయి. ఇంటావిడ మూడు రాత్రులు పొరుగింటి అరుగు మీద పడుకుంది. "ముందు రేకొక్కటే అరిసేది బాబూ. ఇప్పుడు దానికీ మనకీ మద్దిన ఏదో తిరుగుతంది" అంది. నా చేతి డబ్బుతో విప్పించాను.

సరైన వరుస ఇది:

1) ముందు కారేచోట్లు మూయాలి. తడిసిన సీలింగు ఏడాది నిలవదు.
2) చూరు సందులకు గాలి ఆడే జాలీ పెట్టి, పెద్ద సందులు పూడ్చాలి.
3) సీలింగు చట్రం గోడల మీద నిలబెట్టాలి. రేకు మోసే పైపులకు వేలాడదీస్తే వాన చప్పుడు చట్రం వెంట నేరుగా దిగుతుంది. మధ్యలో రబ్బరు వాషర్లు.
4) బరువున్న పలక వేయాలి. మన తేమకు సిమెంట్ ఫైబర్ బోర్డు మేలు. పైన గ్లాస్ ఊలు (గాజు పీచు) పరుపు.
5) డబ్బు చాలకపోతే దట్టంగా అల్లిన వెదురు తడిక, నాలుగువైపులా గట్టిగా కట్టి. చప్పుడు పోదు కానీ పదును తగ్గుతుంది.

థర్మోకోల్ వేయకండి. వేడి ఆపుతుంది, చప్పుడు ఆపదు, నిప్పంటుకుంటే ప్రమాదం. రేకు మీద తాటాకు కప్పడం ఎండకు సరే, గాలికి అదే ముందు లేస్తుంది.

నీళ్ళ మోటారు కింద రబ్బరు దిమ్మలు, పైపుకు గోడ దగ్గర రబ్బరు క్లాంపు. మోటారు ఏ వేళకు వేస్తారో ముందే చెప్పండి. తెలిసిన చప్పుడు సగమే భయపెడుతుంది.

బరంపురం టౌన్లో రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర. నెల దగ్గరగా డప్పులు, బాక్సులు, టపాసులు. దాన్ని ఆపలేం, ఆపమనడం ధర్మమూ కాదు. వీధికి దూరంగా ఉన్న గదిలో ఆ రోజులకు పడక సిద్ధం చేసి, బరువైన కర్టెన్లు వేసి, ఊరేగింపు ఏ రాత్రి మీ వీధికి వస్తుందో కనుక్కుని చెప్పి ఉంచండి.

## 6. వెలుతురు, కరెంటు

• పడకగదిలో పసుపు వెలుగు బల్బులు, 2700 నుంచి 3000 కెల్విన్. డబ్బా మీద రాసి ఉంటుంది.
• బల్బు మినుకుమంటోందా అని ఫోను కెమెరాలో చూడండి. తెర మీద నల్లచారలు పరిగెడుతుంటే ఆ బల్బు వద్దు.
• తలుపు దగ్గరొకటి, మంచం దగ్గరొకటి టూవే స్విచ్. చీకట్లో నడిచి వెళ్ళి లైటు వేసుకునే అవసరం రాకూడదు.
• మంచం నుంచి స్నానాలగది దాకా మోకాలి కింద ఎత్తులో చిన్న రాత్రి దీపాలు.
• ఆ దారి మొత్తం ఇన్వర్టర్ మీద ఉండాలి. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోగానే దానంతటది వెలిగే రీచార్జి బల్బు ఒకటి.
• మనిషి కదిలితే టక్కున వెలిగే సెన్సరు లైట్లు లోపల వద్దు.

## 7. స్నానాలగది

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే అడ్డం పడకూడదు. గడియ లోపలిదే, కానీ బయట నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం పెట్టి, అది అలా తెరుచుకుంటుందని ఆ మనిషికి ముందే చూపించండి. దాచిపెడితే నమ్మకం పోతుంది. తలుపు మూయలేని మనిషికి కింద జానెడు, పైన జానెడు ఖాళీ వదిలిన తలుపు, లోపల మందపాటి కర్టెన్ పనిచేస్తాయి. షవరు నెత్తిన పడితే కొందరికి ఆ రోజు వాన గుర్తొస్తుంది. చెంబు, బకెట్, పీట ఉంచేయండి.

## 8. రంగు, వాసన

రంగు ఆ మనిషే ఎంచుకోవాలి, అంతే. "నీలం మనసుకు చల్లన" లాంటి మాటలు నమ్మి సముద్రంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ ఇంటికి నీలం వేయకండి.

వాసన మాత్రం పట్టించుకోండి. వరద మునిగిన ఇంట్లో బూజు వాసన వస్తే వరద మళ్ళీ వచ్చినట్టే. చెమ్మ ఎక్కే గోడకు రంగు మీద రంగు కొట్టకుండా, పూత చెక్కించి, ఆరనిచ్చి, కొత్తగా పూయించండి. గోడ మీద నీరు నిలిచిన గీత ఉంటే చెరపాలో ఉంచాలో అడగండి. ఒక ఇంట్లో ఆ గీత పక్కనే పోయినవాళ్ళ ఫోటో పెట్టమన్నారు. ఇంకో ఇంట్లో గోడే కొట్టేయమన్నారు.

## 9. పని జరిగే రోజులే అసలు పరీక్ష

ఎవరూ ముందు ఆలోచించనిది ఇది. ఇల్లు బాగుచేసే పేరుతో పరాయి మగవాళ్ళు, డ్రిల్లు, సుత్తి, దుమ్ము, తలుపులేని గుమ్మాలు అన్నీ ఒక్కసారి ఇంట్లోకి వస్తాయి.

• పని సెప్టెంబరు లోపు ముగించాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఆ నెలలో విప్పిన కప్పు కింద ఎవరినీ ఉంచకండి.
• వరుస: కప్పు, తలుపులు, వైరింగు, పూత, రంగు.
• ఒకసారికి ఒక్క గదే. ఆ మనిషి పడుకునే గది చివర, అదీ ఇంకో గది పూర్తయి అలవాటయ్యాక.
• తలుపు విప్పిన రోజే సాయంత్రానికి కొత్తది బిగించాలి. ఒక్క రాత్రి కూడా గుమ్మం ఖాళీగా ఉండకూడదు.
• రేపు ఏం చేస్తారు, ఎవరొస్తారు, డ్రిల్లు ఎన్నింటికి: ముందురోజు సాయంత్రమే చెప్పాలి. చదవగలిగితే తెలుగులో రాసి అంటించండి.
• పనివాళ్ళకు ఒకటే నియమం: వెనక నుంచి వెళ్ళి పిలవద్దు. కనిపించేలా ముందుకొచ్చి "అమ్మా" అనండి.
• ఆ మనిషి "ఆపండి" అంటే పని ఆగాలి. కూలి ఒక పూట పోతుందని ముందే లెక్కలో వేసుకోండి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

చుట్టూ సీసీ కెమెరాలు. కాపలా అనుకుంటాం, ఆ మనిషికి నిఘాలా ఉంటుంది. వీధి తలుపు బయట ఒకటి చాలు. తెర ఆ మనిషి దగ్గరే ఉండాలి.

చెప్పకుండా సామాను జరపడం. "సర్‌ప్రైజ్" చేద్దామని ఊరెళ్ళినప్పుడు గది మార్చేస్తారు. చీకట్లో లేచిన మనిషికి తన ఇల్లే కొత్తదవుతుంది. మార్చేశారా, పాత మంచం, పాత తలగడ వెంటనే పాత చోటికి తెచ్చి, మిగతావి ఒక్కొక్కటిగా అడిగి జరపండి.

ప్రశాంతంగా ఉంటుందని వెనక గదిలో పెట్టడం. నిశ్శబ్దం సరే, ఇంట్లో మనుషుల అలికిడి వినిపించకపోతే ఒంటరితనం. వసారాలో ఒక మూల, వీపుకు గోడ, ముందు వీధి, పక్కన నడుమెత్తు పిట్టగోడ. ఊరిని చూడొచ్చు, ఊరికి కనిపించక్కర్లేదు. నేను కట్టించిన వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది ఈ మూలే.

అద్దె ఇల్లు కదా అని వదిలేయడం. గోడ ముట్టకుండానే స్టాపర్లు, రబ్బరు పట్టీలు, రాత్రి దీపాలు, కర్టెన్లు, మంచం మార్పు చేయొచ్చు. బయటి గొళ్ళెం విప్పి దాచి, ఖాళీ చేసేటప్పుడు బిగించి ఇవ్వండి.

## 11. కౌన్సెలింగు గది, సంఘం ఆఫీసు సర్దేవాళ్ళకు

పద్ధతి ఇదే, మూడు చేర్పులు. బోర్డులు ఒడియాతో పాటు తెలుగులోనూ, బొమ్మలతోనూ ఉండాలి. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడటమే మొదటి దడ. వచ్చే మనిషి కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి, మాట్లాడించేవారు దారికి అడ్డంగా కూర్చోకూడదు. పంకా వేసినా మాట పక్కగదికి వినిపిస్తే ఎవరూ నోరు విప్పరు. గోడ కప్పు దాకా లేపించి, తలుపు కింద సందు మూయించండి.

## 12. తాళం ఇచ్చాక

తాళంచెవులన్నీ ఆ మనిషి చేతికే ఇవ్వండి, ఇంటి పెద్దకు కాదు. నకలు ఎవరికివ్వాలో తనే చెబుతుంది.

మూడుసార్లు వెళ్ళండి: వారం తర్వాత, నెల తర్వాత, తొలి గాలివాన మర్నాడు. మూడోది మానకండి. వెళ్ళి "ఎలా ఉంది?" అనకుండా ఇవి చూడండి:

• రాత్రి ఎక్కడ పడుకున్నారు?
• ఏ చప్పుడుకు లేచారు? అది ఎక్కడిదో పట్టుకోగలిగారా?
• కరెంటు పోయినప్పుడు దారి దీపాలు వెలిగాయా?
• ఏ గడియ బిగుసుకుంది? వానకు ఉబ్బిన చెక్కను ఆ రోజే చిత్రిక పట్టించండి.

వెళ్ళేటప్పుడు సంచిలో ఒక స్క్రూడ్రైవరు, నాలుగు వాషర్లు, మూరెడు రబ్బరు పట్టీ, కాస్త నూనె వేసుకోండి. ఆ మర్నాడు ఏదో ఒకటి బిగించే పని ఉండనే ఉంటుంది.